తాళం చీలింది, గజ్జె పలకడం లేదు: పేరిణికి ఏ లోహం కావాలి?

అందెరవళి
హనుమకొండలో మా దగ్గర పేరిణి, అంటే కాకతీయుల నాటిదని చెప్పే శివతాండవ నృత్యం, నేర్చుకుంటున్న పిల్లల కోసం గత వేసవిలో ఒక తాళాల జత, కొన్ని గజ్జెల వరుసలు కొత్తగా కొన్నాము. తాళాల్లో ఒకటి అంచు దగ్గర మొదలై గుబ్బ దాకా చీలిపోయింది. అమ్మినవారిని అడిగితే మీవాళ్లు మరీ గట్టిగా కొడుతున్నారని తప్పు మా మీదికే నెట్టారు. గజ్జెలు చీలలేదు కాని, మోత పెట్టెలోంచి వచ్చినట్టు మూసుకుపోయి ఉంటుంది. మా గురువుగారు ఇచ్చిన పాత జత ఎన్నో ఏళ్లుగా అంతకంటే గట్టి దెబ్బలు తింటూ ఇప్పటికీ ఖంగుమంటోంది. లోహంలో తేడా ఏమిటి, చీలిన దానిని అతికించవచ్చా, అసలు కాకతీయుల నాటి నర్తకులు ఎలాంటివి కట్టుకొని ఉంటారు అన్నవి నా సందేహాలు.

చిలుము
దుకాణదారు మాట ప్రకారం ఇకమీదట శివతాండవం కూడా మెల్లగా, ఇరుగుపొరుగువారికి వినబడకుండా చేయాలన్నమాట.

తుత్తునాగం
నేను చాలాకాలం ఇనుమేతర లోహాల కర్మాగారాల్లో పనిచేశాను. జవాబు చెప్పే ముందు మూడు వివరాలు కావాలి. చీలిన చోట లోహం లోపలి రంగు ఏమిటి? తాళం లోపలివైపు సన్నని వలయాకారపు గీతలున్నాయా, సుత్తి దెబ్బల గుంటలున్నాయా? పాత జతకు లోపలివైపు ఎలా ఉంది?

అందెరవళి
చీలిన చోట బూడిద కలిసిన వెండి రంగులో, గరుకు గరుకు రేణువులుగా ఉంది. కొత్తదాని లోపలివైపు అన్నీ వలయాలే, అద్దంలా నున్నగా ఉంది. పాత జత లోపల ఎగుడుదిగుడు గుంటలు కనిపిస్తున్నాయి, అంచు మందం కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు.

తుత్తునాగం
అయితే విషయం దాదాపు తేలినట్టే. మీ కొత్త తాళం పోత పోసి, లేత్ మీద నునుపు చేసినది. పాతది పోత పోసిన బిళ్లను ఎర్రగా కాల్చి, సమ్మెటలతో సాగగొట్టి, నీళ్లలో ముంచినది. రెండింటిలోనూ రాగి, తగరం ఒకే పాళ్లలో ఉన్నా అవి వేర్వేరు లోహాల్లాగే ప్రవర్తిస్తాయి.

మోతకు వాడే కంచులో నూటికి 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి, ఒకటి రెండు పాళ్లు అటూ ఇటూ కావచ్చు. ఈ మిశ్రమాన్ని కరిగించి మూసలోనే నిదానంగా చల్లారనిస్తే, సుమారు 520 డిగ్రీల దగ్గర దాని లోపల డెల్టా అనే గట్టి, పెళుసు పదార్థం ఏర్పడుతుంది. మీరు చూసిన వెండి రంగు దానిదే. అది వినసొంపుగానే మోగుతుంది కాని దెబ్బను తట్టుకోలేదు. అదే కంచును సుమారు 590 నుంచి 750 డిగ్రీల మధ్య, అంటే చీకట్లో చూస్తే ముదురు ఎరుపుగా కనిపించే వేడిలో పట్టుకుంటే, లోపల బీటా అనే మరో నిర్మాణం ఉంటుంది. ఆ స్థితిలో కంచు సుత్తికి లొంగుతుంది. కొట్టడం పూర్తికాగానే అదే వేడిలో నీళ్లలో ముంచితే డెల్టా ఏర్పడడానికి వ్యవధి దొరకదు. మోతా నిలుస్తుంది, దెబ్బకు ఓర్పూ వస్తుంది.

ఉక్కు అలవాటైనవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే పెళుసెక్కుతుంది, ఈ కంచును ముంచితే పెళుసు తగ్గుతుంది. కేరళలో ఇలా కొట్టి ముంచిన కంచు పాత్రల మీద లోహశాస్త్రజ్ఞులు చాలా పరిశోధన చేశారు. దక్షిణాదిన సమాధుల తవ్వకాల్లో బయటపడిన ఇనుపయుగపు పాత్రల్లో కూడా ఇదే పద్ధతి కనిపించింది. కాబట్టి కాకతీయుల కాలానికి ఈ విద్య చాలా పాతదే.

మూసకొలిమి
తుత్తునాగం గారు చెప్పినదంతా నిజమే, మా ఇంట్లో మూడు తరాలుగా ఆ లెక్కలేవీ తెలియకుండానే ఆ పని చేశారు. మా తాతగారు పగటిపూట తాళాలు కొట్టేవారు కాదు. ఎండ వెలుగులో ఎరుపు ఛాయ కంటికి ఆనదు కాబట్టి, తెల్లవారుజామున కొలిమి రాజేసి పొద్దెక్కే లోపు ఆపేసేవారు. వేడి కాస్త తగ్గిన బిళ్ల మీద ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అది ముక్కలైపోతుంది. వేడి మరీ ఎక్కువైతే అంచులు చెమ్మగిల్లి రాలిపోతాయి.

అయితే ఒక మాటతో నేను ఏకీభవించను. పోత తాళాలన్నీ పనికిరానివేమీ కావు. భజనలో వాడే చిన్న తాళాలను మందంగా పోత పోస్తారు, అవి తరాల తరబడి మోగుతున్నాయి. పలచని పెద్ద తాళాన్ని పోత పోసి, గీచి, ఇంకా పలచన చేసి అమ్మడమే ఇక్కడ జరిగిన తప్పు. ఒక్క తాళం కొట్టాలంటే ముగ్గురు మనుషులు కావాలి, ఒకరు పట్టకారుతో తిప్పుతూ ఉంటే ఇద్దరు సమ్మెట వేయాలి. ఆ కూలి ఇచ్చి కొనేవారు తగ్గిపోయాక లేత్ వచ్చింది.

తుత్తునాగం
మందం గురించిన సవరణ సబబైనదే. మందంగా ఉన్న పోతలో దెబ్బ ధాటికి అంచు అంతగా వంగదు కాబట్టి పెళుసుదనం బయటపడదు.

డాలస్_దరువు
మా పిల్లల తాళం ఒకటి ఇలాగే చీలితే ఇక్కడ వెల్డింగ్ చేసే ఆయన బ్రేజింగ్ చేసి, అంటే మరో లోహాన్ని కరిగించి చీలికలో పోసి అతికి, ఇస్తానన్నారు. చేయించవచ్చా?

తుత్తునాగం
చేయించకండి. బ్రేజింగ్ వేడి 600 డిగ్రీలు దాటుతుంది, ఆ తరువాత గాలిలో నిదానంగా చల్లారుతుంది. అంటే అతుకు చుట్టూ మళ్లీ డెల్టాను మీరే పుట్టించినట్టవుతుంది, కొత్త చీలిక అతుకు పక్కనే వస్తుంది. తగరం, సీసం కలిపిన మామూలు టంకం తక్కువ వేడికే కరుగుతుంది కాబట్టి ఆ ప్రమాదం లేదు కాని, దానికి బలమూ లేదు, మోతనూ మింగేస్తుంది. చీలిక కొన దగ్గర సన్నని రంధ్రం వేస్తే కొంతకాలం పాకకుండా ఆగుతుంది, ఆ తాళాన్ని అభ్యాసానికి మాత్రమే వాడుకోవచ్చు. సరైన మార్గం కరిగించి మళ్లీ చేయించుకోవడమే.

చిలుము
తాళం వేసి ఉంచుకోవడానికి పనికొస్తుందేమో చూడండి.

పెంబర్తి_రేకు
అందెరవళి గారు అడగకముందే ఒక సంగతి చెప్పుకోవాలి. లోహపు పని అనగానే హనుమకొండ నుంచి జనగామ దాటి మా ఊరికి తాళాల కోసం, గజ్జెల కోసం వచ్చేవారు ఉన్నారు. మా పెంబర్తిది ప్రధానంగా రేకు పని. ఇత్తడి రేకును లక్క పరుపు మీద బిగించి, ఉలులతో వెనకనుంచి ఉబ్బెత్తుగా లేపి, ముందునుంచి నగిషీ దిద్దుతాము. గుడి తలుపుల తొడుగులు, వాహనాల కవచాలు, మకరతోరణాలు, జ్ఞాపికలు మా పని. భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా దానికే. పేరిణి వేషానికి భుజకీర్తులు, నడుము పట్టీ, కిరీటం కావాలంటే తప్పక రండి. మోగే వస్తువులకు పోత పోసేవారి దగ్గరికి, శ్రీకాకుళం వైపు బుడితికో, గోదావరి జిల్లాలో అజ్జరానికో వెళ్లడం మంచిది.

గణపురం_గట్టు
అందరూ మూడో ప్రశ్నను వదిలేశారు. కాకతీయ సైనికులు యుద్ధానికి బయలుదేరే ముందు రామప్ప గుడిలో శివుడి ముందు పేరిణి ఆడి, ఆయన్ని తమలోకి ఆవాహన చేసుకొని వెళ్లేవారు. రంగమండపం స్తంభాల మీద మద్దెల వాయించేవారు, అడుగు ఎత్తిన మగ నర్తకులు ఇప్పటికీ కనిపిస్తారు. యుద్ధనృత్యానికి తగినట్టు వాళ్ల గజ్జెలూ పెద్దవిగా, బరువుగా ఉండి ఉంటాయి. ఇప్పటి సన్న గజ్జెలతో ఆ గంభీరత రాదని నా అభిప్రాయం.

తాళపత్రం
గణపురం_గట్టు గారి అభిమానాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. సైనికులు యుద్ధానికి ముందు ఆడేవారన్న మాట ఇప్పుడు ప్రతి కరపత్రంలోనూ కనిపిస్తుంది కాని, ఈ నృత్యాన్ని వర్ణించిన పాత గ్రంథాల్లో అది లేదు. కాకతీయ రాజు గణపతిదేవుని గజసేనాని, ఆయనకు బావమరిది అయిన జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. మొదటి నాలుగు అధ్యాయాలు మార్గ (శాస్త్రీయ) పద్ధతికి, తక్కిన నాలుగు దేశి (ప్రాంతీయ) పద్ధతికి కేటాయించాడు. పేరణి (పేరిణికి గ్రంథాల్లోని పేరు) వచ్చేది దేశి భాగంలో. దాదాపు అదే కాలంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు కూడా దానిని వర్ణించాడు. ఒంటికి భస్మం వంటి తెల్లని పూత, పిలక ఉంచి గొరిగిన తల, పిక్కల నిండా ఘర్ఘరికలు అనే గజ్జెలు, తాళలయల్లో నేర్పు, ఇదీ ఆ నర్తకుడి రూపం.

ఆ నృత్యానికి అంగాలు ఐదు. ఘర్ఘరం గజ్జెల విన్యాసం, విషమం ఎగిరి దూకే కష్టమైన కరణాలు, భావాశ్రయం వికటమైన అనుకరణతో నవ్వించే భాగం, కవిచారం నాయకుడి గుణకీర్తన, గీతం పాట. ఇందులో హాస్యం ఉంది, సర్కస్ వంటి సాహసం ఉంది, రాజుగారి పొగడ్త ఉంది. కత్తి, డాలు, యుద్ధప్రయాణం లేవు. రాసినవాడు స్వయంగా సేనాని కాబట్టి, తన సైనికులు ఆడే నృత్యమే అయితే ఆ మాట చెప్పకుండా వదిలేవాడని నేను అనుకోను.

మీ గజ్జెల చర్చకు ఇందులో పనికొచ్చేది మొదటి అంగం. ఈ నృత్యంలో గజ్జె అలంకారం కాదు, అదొక వాద్యం. ఘర్ఘరంలోనే మళ్లీ రకాలు చెప్పారంటే, ఏ గజ్జెలు మోగాలి, ఏవి మోగకూడదు అన్నది పాదంతో శాసించే నేర్పు అప్పటికే ఉందన్నమాట.

గణపురం_గట్టు
పుస్తకంలో లేనంత మాత్రాన జరగలేదనడం న్యాయం కాదు. జాయప శాస్త్రం రాశాడు, సైనిక శిబిరం దినచర్య రాయలేదు. రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడూ సేనానియే. అంటే ఆ శిల్పాలు జాయప గ్రంథం కంటే నలభై ఏళ్లు ముందువి. గుడి కట్టించినవాడు సేనాని, గ్రంథం రాసినవాడు సేనాని, నర్తించేది శివుడి ముందు. ఇంత దగ్గరగా ఉన్నవాటి మధ్య సంబంధం లేదంటే నేను ఒప్పుకోను.

తాళపత్రం
సంబంధం లేదనలేదు. సేనానులు పోషించిన కళ వేరు, సైనికులు ఆడిన కళ వేరు అన్నాను. స్తంభం మీది నర్తకుడి కింద ఇది పేరణి అని చెక్కి లేదు కదా.

నారసం
మా ఇంట్లో వీరభద్ర సంబరాలు చేసేవారు ఉన్నారు కాబట్టి మధ్యలో వస్తున్నాను. ఒంటికి విభూతి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కత్తి, డోలు దెబ్బకు ఊగుతూ ఖడ్గాలు అనే వీరస్తుతులు చదవడం, నారసాలు అనే ఇనుప శూలాలు గుచ్చుకోవడం మా పెద్దలు చేసినవే, అవి ఇంకా ఆగిపోలేదు. యుద్ధానికి ముందు ఆడారో లేదో నేను చెప్పలేను కాని, శైవంలో వీరావేశంతో ఆడే సంప్రదాయం ఎవరో కొత్తగా కల్పించినది మాత్రం కాదు. పేరిణిలోని వీరం ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, గ్రంథాల కంటే ముందు ఊళ్లలో వెతకాలని నా మనవి.

తాళపత్రం
నారసం గారి మాట విలువైనది. నటరాజ రామకృష్ణ గారు గత శతాబ్దంలో పేరిణిని మళ్లీ నిలబెట్టినప్పుడు జాయప గ్రంథం ఒక్కటే ముందు పెట్టుకోలేదు. రామప్ప శిల్పాలను చూసి భంగిమలు తీసుకున్నారు, శైవ ఆరాధనలో మిగిలి ఉన్న ఆనవాళ్లను పట్టుకున్నారు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత ఆ నృత్యం గురుశిష్య పరంపరగా మన దాకా రాలేదు కాబట్టి, ఇప్పుడు మనం చూస్తున్నది ఆయన పునర్నిర్మాణం. అలా చెప్పడం ఆయనను తగ్గించడం కాదు. ఆ పని ఎంత పెద్దదో అలా చెప్పినప్పుడే తెలుస్తుంది. ఇప్పటి పేరిణిని వీరనృత్యం అనడానికి నాకు అభ్యంతరం లేదు, దానిని పదమూడో శతాబ్దపు సైనిక దినచర్యగా చెప్పడం దగ్గరే నా పేచీ.

గణపురం_గట్టు
నా నమ్మకం నాకు ఉంది. కాని మీరు చెప్పిన ఐదు అంగాల్లో హాస్యం ఉందన్న సంగతి నాకు కొత్త, మా పిల్లలకు నేర్పేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

అందెరవళి
మేము నేర్పేటప్పుడు చెబుతాము, కాని వేదిక మీదికి వచ్చేసరికి నిర్వాహకులు పది నిమిషాలే ఇస్తారు, ఆ పది నిమిషాల్లో వారికి వీరమే కావాలి.

ఘర్ఘరం ప్రస్తావన వచ్చింది కాబట్టి గజ్జెల దగ్గరికి వస్తాను. పాదం నేలకు ఆనించి మడమ ఒక్కటే కదిపినప్పుడు సన్నగా కొన్ని గజ్జెలే పలకాలి, తట్టు పడగానే అన్నీ ఒక్కసారి పలికి వెంటనే ఆగాలి. కొత్త గజ్జెలలో రెండూ జరగడం లేదు. ఒక దుకాణంలో పంచలోహ గజ్జెలున్నాయి, రెట్టింపు ధర, అవి తీసుకోండి అంటున్నారు.

మూసకొలిమి
పంచలోహం విగ్రహానికి. గజ్జెకు కంచు చాలు. తాళపత్రం గారిలా శ్లోకాలు చెప్పలేను కాని మా తాతగారి మాట కూడా అదే.

తాళపత్రం
శ్లోకం నేను అందిస్తాను. గజ్జెలను కంచుతో చేయాలని, మంచి స్వరం ఉండాలని, అంగుళం ఎడంగా నీలి దారంతో గట్టి ముడులు వేసి కట్టాలని అభినయదర్పణం అనే పాత నాట్యగ్రంథంలోనే ఉంది. సంఖ్య వంద గాని రెండు వందలు గాని అన్నారు. పంచలోహం ఊసు లేదు.

మూసకొలిమి
అయితే చేసే తీరు చెబుతాను, చూసి కొనడానికి పనికొస్తుంది. మెత్తని మట్టి, ఊక, పేడ కలిపి గోళీ అంత ముద్ద చేసి, దాని నడుమ చిన్న ఇనుప గుండు పెడతాము. ఆరిన తరువాత దాని మీద గుగ్గిలం కలిపిన మైనం పొర వేసి, కింద చీలికను దిద్ది, మళ్లీ పైన మట్టి పూత పూస్తాము. కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తాము. పోసే వేడి వెయ్యి డిగ్రీలు దాటినా ఇనుము కరగాలంటే 1500 పైన కావాలి కాబట్టి లోపలి గుండుకు ఏమీ కాదు. చల్లారాక చీలికలోంచి మట్టి గీకి తీసేస్తే గుండు ఒక్కటే మిగులుతుంది. చాలామంది తీసిపారేసే శ్రమ లేకుండా లోపల మట్టి సగం వదిలేస్తారు. మీ గజ్జెలు మూసుకుపోయినట్టు పలకడానికి అది ఒక కారణం కావచ్చు, సన్న తీగతో లోపల గీకి చూడండి. ఆదిలాబాద్‌లో ఓజాలు అనే పోత పనివారు చేసే డోక్రా గంటలు, గజ్జెలు కూడా ఈ మైనం పద్ధతివే, అయితే వారు ఎక్కువగా ఇత్తడి వాడతారు.

తుత్తునాగం
రెండో కారణం సీసం కావచ్చు. ఇప్పుడు మార్కెట్లో దొరికే గజ్జెల్లో చాలావరకు పాత ఇత్తడి సామాను కరిగించి పోసినవే. కుళాయిలు, వాల్వులు, లేత్ మీద రాలిన పొట్టు, అన్నీ ఒకే మూసలోకి వెళతాయి. లేత్ పనికి వాడే ఇత్తడి కడ్డీల్లో తేలికగా గీచడానికి వీలుగా సుమారు 3 పాళ్లు సీసం కలుపుతారు. సీసం రాగిలో కరగదు, చిన్న చిన్న బొట్లుగా అక్కడక్కడా చిక్కుకొని ఉండిపోతుంది, ప్రతి బొట్టూ కంపనాన్ని కొంత మింగేస్తుంది. పోత నునుపుగా రావడానికి సీసం మంచిదే, మోతకు మాత్రం శత్రువు. చిన్నపిల్లలు రోజూ ముట్టుకునే వస్తువు కాబట్టి కూడా అది వద్దంటాను.

ఇత్తడి కరిగించేవారికి మరో చిక్కు ఉంది. ఇత్తడిలో రాగి, తుత్తునాగం (జింక్) ఉంటాయి. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తుత్తునాగం 907 దగ్గరే మరిగి తెల్లని పొగగా లేచిపోతుంది. ప్రతిసారీ కరిగించినప్పుడు పాళ్లు మారిపోతాయి. ఆ పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది, మర్నాటికి తగ్గుతుంది. పాలు తాగితే పోతుందని కొలిమి దగ్గర అంటారు కాని, గాలి బాగా ఆడే చోట కరిగించడమే దానికి మందు.

డాలస్_దరువు
మా దగ్గర ఇంకో వింత. యంత్రం మీద రేకుతో ఒత్తి చేసిన ఇత్తడి గజ్జెలు, ఎవరూ వాడకుండా బీరువాలో ఉన్నవి, వాటంతట అవే పగిలాయి. దిష్టి తగిలిందని మా అత్తగారు అంటున్నారు.

తుత్తునాగం
నేల తుడిచే, అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణం అదే బీరువాలో ఉందేమో చూడండి. చల్లగా ఉండగానే ఒత్తి చేసిన ఇత్తడిలో బిగువు మిగిలిపోతుంది. దానికి అమ్మోనియా, తేమ తోడైతే ఏ దెబ్బా లేకుండానే చీలుతుంది. బ్రిటిష్ వారి కాలంలో మన దేశంలోనే వర్షాకాలాల్లో సైన్యపు తూటాల ఇత్తడి తొడుగులు ఇలా పగిలేవి. గుర్రపుశాలల నుంచి వచ్చే అమ్మోనియా దీనికి కారణమని 1921లో పరిశోధన వెలువడింది. ఒత్తిన తరువాత 250 నుంచి 300 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచితే బిగువు పోయి ఆ బెడద తప్పుతుంది, చవక సరుకులో ఆ అంచెను వదిలేస్తారు.

గణపురం_గట్టు
మొత్తానికి గజ్జెలకూ సైన్యానికీ సంబంధం ఉందని తేలింది.

తాళపత్రం
గుర్రాల వరకు ఒప్పుకుంటాను.

డాలస్_దరువు
ద్రావణం సీసా ఆ బీరువాలోనే ఉంది. మా అత్తగారికి దిష్టి మాటే నచ్చింది, ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు.

పెంబర్తి_రేకు
నిల్వ గురించి ఒక మాట. చింతపండుతో తోమితే తళతళలాడతాయి కాని, బాగా కడిగి ఆరబెట్టకుండా తోలు పట్టీ మీద అలాగే వదిలేస్తే పులుపు, చెమట, తోలు మూడూ కలిసి పచ్చని చిలుము పట్టిస్తాయి. తోలు కంటే మందపాటి నూలు పట్టీ మేలు.

నారసం
తోలు లేకపోతే పిక్క మీద గజ్జె నిలవదు, జారుతుంది. మా వాళ్లు తోలు పట్టీకి లోపల గుడ్డ కుట్టించుకుంటారు. ఆడిన వెంటనే విప్పి నీడన వేలాడదీస్తే చాలు.

చిలుము
నన్ను ఇన్నిసార్లు తలుచుకున్నందుకు కృతజ్ఞతలు.

అందెరవళి
తీగతో గీకితే కొన్ని గజ్జెల లోపలినుంచి నిజంగానే మట్టి రాలింది, వాటి మోత చాలా మెరుగైంది. తక్కినవాటిలో మార్పు లేదు, అవి సీసపు సరుకే అనుకుంటాను. ఇక చీలిన తాళాల జతను కరిగించి కొత్తగా కొట్టించాలనుకుంటున్నాను. మూసకొలిమి గారు ఆ పని చేస్తారా, లేక కొత్త లోహం కొనమంటారా?

మూసకొలిమి
పాతదే పంపండి, అయితే ముందు మంచి కంచు అవునో కాదో చూస్తాను, చిన్న ముక్క విరిచి కాల్చి కొడితే తెలిసిపోతుంది. సాగకుండా పొడిపొడిగా రాలితే అందులో సీసమో మరొకటో ఉన్నట్టు, అప్పుడు దానితో తాళం కాదు. మంచిదే అయితే కరిగించేటప్పుడు కొంత తగరం మడ్డిగా మారి పోతుంది కాబట్టి, బొగ్గు కప్పి రాగి వంతు బాగా కరిగాక చివరిలో కొత్త తగరం వేసి సరిచేయాలి. మీ పాత జత కూడా ఒక్కరోజు వెంట తీసుకురండి. దాని మోత విని, అంచు మందం చూసుకొని, ఆ శ్రుతికి దగ్గరగా కొట్టడానికి ప్రయత్నిస్తాము. సమ్మెట వేసేవారు ఇప్పుడు వరికోతల్లో ఉన్నారు, సంక్రాంతి తరువాత వస్తే పని మొదలుపెట్టవచ్చు.

అందెరవళి
సంక్రాంతి తరువాత సరే. శివరాత్రికి రామప్పలో పిల్లల ప్రదర్శన ఉంది, అప్పటికి జత చేతికి అందితే చాలు.